కట్ వేరు, ఆకారం వేరు

సంపాదకులకు నమస్కారం.

వజ్రాల కొనుగోలు గురించి మీ పత్రికలో వచ్చిన వ్యాసం చదివాను. గుండ్రం, కోల, చదరం, నీటిబొట్టు అంటూ ఆకారాలన్నీ వరసగా చెప్పి, వాటినే ‘కట్‌లు’ అన్నారు. సరిగ్గా ఆ పొరపాటు వల్లే నేను నష్టపోయాను.

ఉంగరం కోసం ఒక క్యారెట్ రాయి కొన్నాను. కట్ ఏమిటని అడిగితే ‘రౌండ్ అండీ’ అన్నాడు అమ్మినతను. నేనూ తలూపాను. కానీ అతను చెప్పింది ఆకారం. నాకు తెలియాల్సింది దాన్ని ఎలా సాన పట్టారన్నది: పలకల వాలెంత, లోతెంత, అంచు మందమెంత. తర్వాత మా చెల్లెలి 0.90 క్యారెట్ రాయి పక్కన పెట్టి కొలిచాం. రెండిటి వెడల్పూ 6.2 మిల్లీమీటర్లే! లోతు మాత్రం నాది 4.2, తనది 3.8. నేను ఎక్కువ డబ్బు పోసి కొన్న బరువు కంటికి కనిపించకుండా అడుగున ఉండిపోయింది. పైగా నా రాయి నడిమధ్య నల్లగా కనిపిస్తుంది.

ముప్పై ఏళ్లు ఫిజిక్స్ చెప్పినదాన్ని, కారణం నాకు తెలిసుండాల్సింది. వజ్రానికి సందిగ్ధ కోణం (ఇంతకంటే ఎక్కువ వాలుగా లోపలి నుంచి తగిలిన వెలుగు బయటికి పోలేదు) సుమారు 24.4 డిగ్రీలే. అందుకే లోపలికి వెళ్లిన వెలుగు కింది పలకల మీద సంపూర్ణాంతర పరావర్తనం చెంది, అంటే పూర్తిగా లోపలికే తిరిగి, మళ్లీ పైకి వస్తుంది. వాలు తప్పితే అడుగు నుంచి బయటికి పోతుంది. 1919లో వజ్రాలు సానపట్టే కుటుంబానికి చెందిన ఇంజనీరు మార్సెల్ టోల్కోవ్‌స్కీ గుండ్రటి రాయికి ఈ వాలు లెక్కకట్టాడు: పైభాగం 34.5 డిగ్రీలు, కిందిభాగం 40.75.

నా సర్టిఫికెట్‌లో ‘పాలిష్: ఎక్సలెంట్’ చూసి మురిసిపోయాను. దానికి పైనే ‘కట్: ఫెయిర్’ అని ఉంది, అంటే కింది నుంచి రెండో గ్రేడు. పాలిష్ అంటే పలకల నునుపు మాత్రమే.

వజ్రాలను పరీక్షించి సర్టిఫికెట్ ఇచ్చే అమెరికా సంస్థ జీఐఏ 2006లో ఐదు కట్ గ్రేడ్లు మొదలుపెట్టింది గుండ్రటి రాళ్లకే. కోల రాయి కొనేవాళ్లు మరీ జాగ్రత్తగా ఉండాలి. కొన్నిటిలో మధ్యన బో టైలా నల్లటి నీడ పడుతుంది. కాగితం మీద అది తెలియదు, రాయిని అటూ ఇటూ వంచి చూడాల్సిందే.

దయచేసి ఆ వ్యాసానికి సవరణ వేయండి.

— ఒక రిటైర్డ్ ఫిజిక్స్ టీచర్