ప్రశ్నోత్తరాల గంట పోనివ్వకండి

అయ్యా,

లోక్‌సభ సమావేశాలుంటే ప్రశ్నోత్తరాల గంట చూడ్డానికి ఉదయం 11 గంటలకల్లా టీవీ ముందు కూర్చోవడం రిటైరైన టీచర్‌గా నాకు అలవాటు. చాలా రోజులు సభ్యులు ప్లకార్డులతో వెల్‌లోకి, అంటే స్పీకర్ కుర్చీ ముందుకి, రావడం, కొద్ది నిమిషాలకే సభ వాయిదా పడటమే చూస్తున్నాను. మంత్రులు నోటితో జవాబివ్వాల్సిన 20 ప్రశ్నలు ఆ రోజుకి కాగితం మీదే మిగిలిపోతాయి. రాతపూర్వకంగా జవాబు వస్తుంది, నిజమే. కానీ కాగితాన్ని ఎదురు ప్రశ్న అడగలేం కదా!

1957లో ఎల్‌ఐసీ డబ్బు కోటి రూపాయలకు పైగా వ్యాపారి హరిదాస్ ముంద్రా కంపెనీల్లో ఎందుకు పెట్టారని లోక్‌సభలో నిలదీసింది ప్రతిపక్షం ఒక్కటే కాదు. కాంగ్రెస్ ఎంపీ, నెహ్రూకి స్వయానా అల్లుడు ఫిరోజ్ గాంధీ లేచి అడిగారు. అప్పటి స్పీకర్ మన అనంతశయనం అయ్యంగార్. దాని మీద వేసిన జస్టిస్ ఛాగ్లా కమిషన్ బహిరంగంగా విచారణ జరిపింది. 1958 ఫిబ్రవరిలో ఆర్థిక మంత్రి టి.టి. కృష్ణమాచారి రాజీనామా చేశారు.

అలాంటి గంటని 2020 వర్షాకాల సమావేశాల్లో కోవిడ్ కారణం చూపి పూర్తిగా తీసేశారు. అది నన్ను చాలా బాధపెట్టింది.

మన రెండు రాష్ట్రాల ఎంపీలు ఏం అడిగారో, మంత్రులు ఏం చెప్పారో సమావేశాలు జరిగినన్నాళ్లూ వారానికోసారి మీ పత్రికలో వేయండి.

– ఒక పాఠకురాలు, గుంటూరు