అక్టోబర్ దాకా ఉందిగా అన్నావు

అమ్మలూ,

నిన్న ఫోన్లో పాస్‌పోర్ట్ సంగతి ఎత్తితే "పరీక్షలయ్యాక చూద్దాంలే నాన్నా, అక్టోబర్ దాకా ఉందిగా" అన్నావు. సరిగ్గా అదే మాట 2020లో నేనన్నాను. తర్వాత జరిగింది నీకు సగమే తెలుసు. మిగతా సగం నేనే దాచాను.

నీ పాత అమెరికా పాస్‌పోర్ట్ 2021 ఏప్రిల్‌తో అయిపోతుందని అంతకుముందు దసరాకే అమ్మ గుర్తు చేసింది. విమానాలే సరిగ్గా లేవు, ఇప్పుడెక్కడికి వెళ్తాం, చూద్దాంలే అన్నాను. నాలాగే ఎంతమంది అనుకున్నారో! 2020 మార్చిలో అమెరికాలో పాస్‌పోర్ట్ పని ప్రాణం మీదికొచ్చిన కేసులకు తప్ప దాదాపు ఆగిపోయింది, ఎందుకంటే అది ఇంట్లో లాప్‌టాప్ ముందు కూర్చుని చేసేది కాదు, ఒరిజినల్ కాగితాలు చేత్తో పట్టుకుని చూడాలి, పుస్తకం అచ్చు వేయాలి. అప్లికేషన్లు గుట్టలుగా పడ్డాయి. ఆ గుట్ట తరగకముందే వ్యాక్సిన్లు వచ్చి అందరం ఒక్కసారే ఎగబడ్డాం. 2021 ఎండాకాలానికి మామూలుగా 18 వారాలు, అర్జెంటని 60 డాలర్లు ఎక్కువ కట్టినా 12 వారాలు పట్టొచ్చని చెప్పేశారు.

పదహారేళ్ళలోపు పిల్లలకు పోస్టులో రెన్యూవల్ లేదు, తల్లీతండ్రీ ఇద్దరూ పిల్లని వెంటబెట్టుకుని వెళ్ళాలి. మనకు అపాయింట్‌మెంట్ దొరికేసరికి జూన్ నెలాఖరు. నాయనమ్మకు గుండె బాగోలేదని బాబాయి ఫోన్ చేసింది జూలైలో. అప్పటికే దళారులు సాఫ్ట్‌వేర్‌తో అర్జెంటు స్లాట్లన్నీ పట్టేస్తున్నారని జూలై 21న ఆన్‌లైన్ బుకింగ్ తీసేశారు, ఇక ఫోనే దిక్కు. నీకు వినపడకూడదని గరాజ్‌లో కార్లో కూర్చుని రోజూ చేసేవాణ్ణి. ఒకరోజు మూడు గంటలు ఆ మ్యూజిక్ విన్నాక లైన్ కట్టయింది, స్టీరింగ్ మీద తల పెట్టుకుని ఏడ్చాను.

చివరికి ఆగస్టులో నేనొక్కణ్ణే తెనాలి వెళ్ళాను. నాయనమ్మ నన్ను కాదు, నా వెనక గుమ్మం వైపు చూసి "పిల్లేదిరా?" అంది. పాస్‌పోర్ట్ రాలేదమ్మా అన్నాను. బీరువా తెరవమంది. చిలకపచ్చ పట్టు పరికిణీ, మెరూన్ అంచు, నీ ఫొటో చూసి ఉజ్జాయింపుగా కుట్టించిందట, అడుగున నాలుగువేళ్ళ టక్కు వేయించి, "పొడుగెదిగితే విప్పుకోవచ్చు" అంది. నాలుగు రోజులకి పోయింది. నీ పాస్‌పోర్ట్ అక్టోబర్ మొదటివారంలో వచ్చింది.

నీకు మాత్రం గవర్నమెంటు వాళ్ళు లేటు చేశారని చెప్పాను. చేశారు, నిజమే. కానీ దసరాకే కాగితాలు పెట్టి ఉంటే వేసవి రాకముందే అది మన చేతిలో ఉండేది. అది నా తప్పు తల్లీ. ఆ పరికిణీ నీకిస్తే ఈ మాటా చెప్పాల్సి వస్తుందని ఇన్నేళ్ళూ నా దగ్గరే ఉంచుకున్నాను.

ఇప్పుడున్నది నీకు 14 ఏళ్ళప్పుడు, అంటే పదహారు నిండకముందు ఇచ్చింది కాబట్టి ఇది కూడా పోస్టులోనో ఆన్‌లైన్లోనో రెన్యూ కాదు. డీఎస్-11 ఫారం నింపి నువ్వే వెళ్ళాలి, సంతకం మాత్రం ఇంట్లో పెట్టకు, అక్కడ వాళ్ళ ముందే పెట్టాలి. బర్త్ సర్టిఫికెట్ ఒరిజినల్ తీసుకుని తర్వాత విడిగా పంపిస్తారు, టెన్షన్ పడకు. ఈసారి పదేళ్ళకిస్తారు. నీకింకా ఇరవై నిండలేదు కాబట్టి అది రాగానే ఓసీఐ (ఇండియాకు వీసా లేకుండా వెళ్ళనిచ్చే నీ కార్డు) సైట్లో కొత్త పాస్‌పోర్ట్, కొత్త ఫొటో అప్‌లోడ్ చేయాలి, ఆ పని ఇద్దరం కలిసి చేద్దాం. రష్ తగ్గిందిలే అనుకోకు, 2023లో కూడా మళ్ళీ 10 నుంచి 13 వారాలకు వెళ్ళింది. డిసెంబర్‌లో నువ్వొస్తావని తాతయ్య ఇప్పటినుంచే ఊరంతా చెబుతున్నాడు.

బర్త్ సర్టిఫికెట్ రేపు పార్శిల్లో పంపిస్తున్నాను. అందులోనే పరికిణీ కూడా పెట్టాను. టక్కు విప్పితే నీకిప్పుడు సరిపోతుందంటోంది అమ్మ.

నాన్న