లైబ్రరీ అవర్‌ని లాక్కోకండి సార్

ఎడిటర్ గారికి నమస్కారం,

సెమిస్టర్ పరీక్షలు దగ్గరపడితే చాలు, పేపర్లలో టీవీల్లో పిల్లలకి ఒకటే సలహా, టైమ్ టేబుల్ వేసుకోండి, పొద్దున్నే నాలుగింటికి లేవండి, ఫోన్ పక్కన పెట్టండి అని. తప్పని అనను గానీ, నేను హైదరాబాద్ శివార్లలో ఒక ప్రైవేట్ ఇంజనీరింగ్ కాలేజీలో ఫస్టియర్, సెకండియర్ వాళ్లకి పాఠాలు చెప్తుంటాను, నాకు కనిపించేది వేరు. టైమ్ టేబుల్ అంటే మా పిల్లలకి తెలీక కాదు, ఇంటర్ రెండేళ్లూ చాలామంది బతికిందే దాని మీద. రెసిడెన్షియల్ కాలేజీల్లో తెల్లారకముందే లేపి స్టడీ అవర్‌లో కూర్చోబెడతారు, ఎప్పుడు తినాలి, ఏ చాప్టర్ ఎప్పుడు చదవాలి, వీకెండ్ టెస్ట్‌కి ఏది రివిజన్ చెయ్యాలి, అన్నీ ఎవరో ఒకరు చెప్తూనే ఉంటారు. అలా రెండేళ్లు గడిపినవాడిని తెచ్చి బీటెక్‌లో పడేసి సాయంత్రం నాలుగు దాటాక నీ ఇష్టం అంటే ఏం చేస్తాడండీ? ఫస్ట్ సెమ్ రిజల్ట్ వచ్చి మ్యాథ్స్ పోయిందని తెలిసేదాకా హాయిగానే ఉంటాడు. తర్వాత ఇంట్లో వాళ్లు సోమరి అంటారు. సోమరితనం కాదది, తన గంటని తను వాడుకోవడం వాడికి ఎవరూ అలవాటు చెయ్యలేదు, అంతే.

ఇంకోటి, ప్రతి సబ్జెక్టుకీ ఇన్నని ఇచ్చే పాయింట్లని క్రెడిట్లు క్రెడిట్లు అంటాం గానీ ఒక క్రెడిట్ వెనక ఎన్ని గంటల పని ఉందో క్లాసులో చెప్పేవాళ్లు తక్కువ. కేంద్రం 2023లో తెచ్చిన జాతీయ క్రెడిట్ ఫ్రేమ్‌వర్క్ ప్రకారం ఒక క్రెడిట్ అంటే 30 గంటలు, అందులో క్లాసూ ఉంది, ల్యాబూ ఉంది, సొంతంగా చదువుకునేదీ ఉంది. అంటే 3 క్రెడిట్ల థియరీ సబ్జెక్టుకి 90 గంటలు. వారానికి 3 క్లాసుల చొప్పున 16 వారాలకి మేం చెప్పేది 48, అదీ ఒక్క క్లాసు కూడా పోకుండా ఉంటే. మిగతా 42 గంటలూ పిల్లాడివే. అయిదు సబ్జెక్టులకి చూసుకుంటే వారానికి 13 గంటలు. ఈ లెక్క బోర్డు మీద వేసి చూపిస్తే క్లాసంతా నోళ్లు తెరుచుకుని చూస్తారు, ఎందుకంటే వాళ్ల దృష్టిలో చదువంటే ఎగ్జామ్ ముందు రోజు ఆల్ ఇన్ వన్ గైడు తీసి నైట్ అవుట్ కొట్టడం.

సరే, ఆ 13 గంటలు ఎక్కడ్నుంచి రావాలి? దిల్‌సుఖ్‌నగర్‌లో ఇల్లు, మేడ్చల్ వైపు కాలేజీ అనుకోండి, ఏడింటికల్లా బస్సు కోసం రోడ్డు మీద నిలబడాలి, సాయంత్రం మళ్లీ ట్రాఫిక్‌లో ఇల్లు చేరేసరికి ఆరూ ఆరున్నర. బస్సులో చదువుకోమని కొందరు పెద్దమనుషులు చెప్తుంటారు, వాళ్లొకసారి ఆ గతుకుల రోడ్డు మీద వెనక సీట్లో కూర్చుని మ్యాథ్స్ చేసి చూపించాలి. నా మాటగా అయితే బస్సులో నిద్రపోండనే చెప్తాను. ఆడపిల్లలకైతే ఇంటికెళ్లాక వంటింటి పని కూడా ఉంటుంది, అదే ఇంట్లో అన్నయ్య సోఫాలో ఫోన్ చూస్తుంటాడు, అది వేరే ఉత్తరం రాయాల్సిన సంగతి.

అందుకే కాలేజీలో దొరికే ఖాళీ గంటలే అసలు ఆస్తి. బాగా నెట్టుకొచ్చే పిల్లల్ని చూస్తుంటాను, వాళ్లేం నాలుగింటికి లేచేవాళ్లు కాదు. ల్యాబ్ అయిన రోజే అబ్జర్వేషన్ నోట్‌బుక్ కరెక్షన్ చేయించుకుని ఖాళీ పీరియడ్‌లో రికార్డు రాసేస్తారు, మిగతావాళ్లు ఆ రికార్డులన్నీ పోగేసుకుని ల్యాబ్ ఇంటర్నల్ ముందు రాత్రి ఎవరిదో చూసి కాపీ కొడుతూ తెల్లారుస్తారు, మర్నాడు వైవాలో నిద్ర మొహాలు. అలాగే ఫస్ట్ మిడ్‌కి, అంటే సెమిస్టర్ మధ్యలో వచ్చే మొదటి పరీక్షకి, రెండున్నర యూనిట్లు, సుమారు ఎనిమిది వారాలు టైమ్ ఉంటుంది, అంటే యూనిట్‌కి మూడు వారాలు. ఏ వారం ఏ యూనిట్ నడుస్తోందో తెలిసి ఆ వారమే దాని ప్రాబ్లమ్స్ నాలుగు చేసుకున్నవాడికి మిడ్ ముందు కంగారు ఉండదు. ఫోన్ సంగతి అందరూ చెప్పేదే, నేను మళ్లీ చెప్పను.

హాజరు 75 శాతం ఉంటే చాలనే రూల్ ఉంది కదా, పిల్లలు దాన్ని 25 శాతం సెలవులుగా లెక్కేసుకుంటారు, సినిమా రిలీజులకీ మాస్ బంకులకీ మొదటి రెండు నెలల్లోనే ఖర్చయిపోతుంది. ఆ తర్వాత నిజంగా డెంగ్యూ వచ్చినా అక్క పెళ్లి వచ్చినా చేతిలో ఏమీ ఉండదు, తగ్గిన హాజరుని మన్నించమని కండొనేషన్ ఫీజు కట్టి సర్టిఫికెట్ల కోసం తిరగడమే. 65 కన్నా కిందకి పోతే ఇక డిటెన్షనే, ఒక ఏడాది వెనక్కి.

పిల్లల్ని ఇంత అన్నాక మా వైపు తప్పూ చెప్పాలి. టైమ్ టేబుల్ కాగితం మీద లైబ్రరీ అవర్, స్పోర్ట్స్ అవర్ అని ఉంటాయి. నిజంగా జరిగేదేంటంటే సిలబస్ పూర్తికాని సారొకరు వచ్చి అడ్జస్ట్‌మెంట్ అని ఆ గంటలో తన క్లాసు తీసుకుంటారు, లేదంటే ప్లేస్‌మెంట్ ట్రైనింగ్ అని సెమినార్ హాల్లో కూర్చోబెడతారు. అంటే ఇంటర్లో జరిగిందే ఇక్కడా జరుగుతోంది, పిల్లాడి చేతిలో ఒక్క గంట కూడా ఉంచం, మళ్లీ వాడికి టైమ్ మేనేజ్‌మెంట్ మీద గెస్ట్ లెక్చర్ పెట్టిస్తాం!

ఇంటర్ కాలేజీల వాళ్లు రోజుకి ఒక్క స్టడీ అవర్ అయినా ఏం చదవాలో పిల్లలకే వదిలేస్తే బాగుంటుంది, మొదట్లో వృథా చేస్తారు, చెయ్యనివ్వండి. ఇక మా ప్రిన్సిపాళ్లని అడిగేది ఒకటే, వచ్చే సెమిస్టర్ టైమ్ టేబుళ్లు వేసేటప్పుడు వారానికి రెండు ఖాళీ గంటలు పెట్టి, వాటిలో అడ్జస్ట్‌మెంట్ క్లాసులు తీసుకోకూడదని సర్క్యులర్‌లో రాయించండి, ఆ గంటల్లో లైబ్రరీ తాళం తీసే ఉంచమని కూడా.

ఇట్లు,
ఒక ఇంజనీరింగ్ కాలేజీ లెక్చరర్,
హైదరాబాద్