పార్కుల్లో నడకదారి ఒక్కటే సరిపోదు

సంపాదకులు గారికి నమస్కారం.

మన పట్టణాల్లో పార్కు బాగుచేయడమంటే టైల్స్ పరిచిన నడకదారి వేసి, ఓ మూల రంగురంగుల ఓపెన్ జిమ్ పెట్టి, శిలాఫలకం నిలబెట్టడంగా మారిపోయింది. ఆ మాత్రం చేసినందుకు సంతోషమే. పొద్దున్నే అంతమంది ఇల్లు వదిలి నడకకు వస్తున్నారంటే ఈ పార్కుల పుణ్యమే. కానీ వచ్చినవాళ్లు ఏళ్ల తరబడి అవే రౌండ్లు, అదే వేగంతో వేసి వెళ్తున్నారు. ఇంకోటి చేద్దామన్నా అక్కడ వీలుండదు.

వ్యాయామ ఉపాధ్యాయుడిగా పనిచేసి రిటైరైన నాకు తరచూ వినిపించే మాట ఒకటుంది. "మాస్టారూ, మొదట్లో బరువు తగ్గాను, ఆయాసం తగ్గింది. ఇప్పుడు ఎంత నడిచినా తేడా లేదు. మెట్లెక్కితే మోకాళ్లు పట్టేస్తున్నాయి." పాపం, వాళ్లేం బద్ధకస్తులు కారు. కొత్త పని పెట్టినప్పుడు శరీరం దానికి సరిపడా బలం, దమ్ము కూడగట్టుకుంటుంది. అలవాటైపోయాక అదే పని తక్కువ శ్రమతో కానిచ్చేస్తుంది, ఎదుగుదల అక్కడ ఆగుతుంది. ఉన్న ఆరోగ్యం నిలబడాలంటే ఆ నడక ఉండాల్సిందే. అంతకంటే మెరుగుపడాలంటే వేగమో, బరువో, చేసే పద్ధతో మారాలి.

మా విజయనగరం జిల్లా వాళ్లకు ఇది తెలియని సంగతి కాదు. వెయిట్‌లిఫ్టర్ల ఊరుగా పేరుపడ్డ కొండవెలగాడ ఇక్కడిదే. బార్‌కు కొద్దికొద్దిగా బరువు పెంచుకుంటూ పోవడమే ఆ ఆటలో సాధన. అంతకుముందు తాలింఖానాల్లో, అంటే పాతకాలపు వ్యాయామశాలల్లో, దండాలు, బస్కీలు, గద తిప్పడం, కర్రసాము, కుస్తీ అన్నీ నేర్పేవారు. కోడి రామమూర్తి నాయుడు గారి లాంటి మల్లయోధుణ్ని చూసిన ప్రాంతం ఇది.

మరి ఓపెన్ జిమ్ సంగతి చూడండి. చాలాచోట్ల కనిపించే పరికరం మీద కూర్చుని పిడులు ముందుకు తోస్తే మన ఒంటి బరువే పైకి లేస్తుంది. మొదటిరోజూ అంతే, మూడేళ్ల తర్వాతా అంతే. ఇంకో రెండు కిలోలు కలుపుదామంటే దారి లేదు. గాల్లో నడిచే పరికరం మీద కాళ్లు ఊపుతూ కబుర్లు చెప్పుకోవచ్చు, తొడలకు మాత్రం పెద్దగా పని పడదు. ఎలా వాడాలో చెప్పే బోర్డు ఉండదు, ఉన్నా ఎండకు వెలిసిపోయి ఉంటుంది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్గదర్శకాలు పెద్దలకు వారానికి కనీసం 150 నిమిషాల ఓ మోస్తరు వ్యాయామంతో పాటు, కనీసం రెండు రోజులు కండరాల బలం పెంచే వ్యాయామం ఉండాలంటున్నాయి. 65 దాటినవాళ్లు వారానికి మూడు రోజులైనా ఒంటి నిలకడ పెంచే వ్యాయామాలు చేయాలని కూడా చెప్పాయి. బాత్‌రూమ్‌లో జారిపడి తుంటి ఎముక విరిగి మంచాన పడ్డ పెద్దవాళ్లు ప్రతి వీధిలో కనిపిస్తున్నప్పుడు, మన పార్కుల్లో దీని ఊసే లేకపోవడం బాధగా ఉంది.

నడకలోనే మార్పు తేవచ్చు. జపాన్‌లోని షిన్షు విశ్వవిద్యాలయం పరిశోధకులు నడివయసు వాళ్లను, పెద్దవాళ్లను మూడు నిమిషాలు వేగంగా, మూడు నిమిషాలు నెమ్మదిగా మార్చి మార్చి నడిపించారు. ఒకే వేగంతో నడిచినవాళ్ల కంటే వీళ్ల తొడల బలం, దమ్ము అయిదు నెలల్లో బాగా పెరిగాయని 2007లో ప్రచురించారు.

కాబట్టి మున్సిపాలిటీలకు నా విన్నపం. నడకదారి మీద ప్రతి వంద మీటర్లకూ గీత గీయించండి, ఎవరి వేగం వాళ్లు చూసుకుంటారు. వేలాడడానికి, దండాలు తీయడానికి వేర్వేరు ఎత్తుల్లో ఇనుప కడ్డీలు పాతించండి. పట్టుకోవడానికి రెయిలింగ్ ఉన్న నాలుగు మెట్లు, చిన్న ఇసుక గుంట ఏర్పాటు చేయండి. ఖరీదైన పరికరాల ముందు ఈ ఖర్చు ఓ లెక్కలోది కాదు. అన్నిటికంటే ముఖ్యం, నేర్పే మనిషి. రిటైరైన వ్యాయామ ఉపాధ్యాయులు (పీఈటీలు) ప్రతి పట్టణంలో ఉన్నారు. వారానికి రెండు ఉదయాలు గౌరవ వేతనం మీద పిలిస్తే, బీపీ ఉన్నవాళ్లు, మోకాలి ఆపరేషన్ అయినవాళ్లు డాక్టరును అడిగి ఎంతవరకు చేయాలో, పడుచువాళ్లు బరువు ఎప్పుడు పెంచాలో దగ్గరుండి చూపిస్తారు. ఆడవాళ్లకు నేర్పడానికి మహిళా పీఈటీలనే పెట్టాలి. చీర కట్టుకుని నడకకు వచ్చే అమ్మలు మగవాళ్ల మధ్య బస్కీలు తీయమంటే తీయరు.

వచ్చే పార్కు టెండర్లలోనైనా వీటిని చేర్చాలని కమిషనర్లను, కౌన్సిలర్లను కోరుతున్నాను.

– ఒక విశ్రాంత వ్యాయామ ఉపాధ్యాయుడు, విజయనగరం జిల్లా