బాబాయ్ నడక గురించి

ఒరేయ్,

ఎలా ఉన్నావు? పిల్లల పరీక్షలు అయిపోయాయా? నీ మెసేజ్ చూసినప్పటి నుంచీ మనసంతా మీ నాన్న, అదే బాబాయ్ మీదే ఉంది. ఫోన్‌లో తేలే సంగతి కాదని తీరిగ్గా రాస్తున్నా.

"నడవమని ఎంత మొత్తుకున్నా వినడు" అన్నావు. నిజం చెప్పనా, మన ఇళ్ళల్లో పెద్దవాళ్ళని కూర్చోబెట్టేది మనమేరా. రిటైరవగానే "మీరు కూర్చోండి, మేం చూసుకుంటాం" అంటాం. పాలూ కూరలూ గుమ్మంలోకే తెప్పిస్తాం, మంచినీళ్ళు కూడా చేతికందిస్తాం. అంతా ప్రేమే. కొన్నాళ్ళకి నేల మీంచి లేవాలంటే బీరువా పట్టుకోవాల్సి వస్తుంది. అప్పుడు మళ్ళీ మనమే నడవమని కేకలేస్తాం.

మన దక్షిణాసియా వాళ్ళకి ఇది ఇంకా ప్రమాదం. అంతే బరువున్న తెల్లవాళ్ళతో పోలిస్తే మనకి కండ తక్కువ, పొట్ట చుట్టూ కొవ్వు ఎక్కువ. సన్నగా ఉన్నవాళ్ళకి కూడా షుగర్ రావడం చూస్తున్నాం కదా. తిన్న తరవాత రక్తంలో చేరే గ్లూకోజ్‌ని బాగా వాడుకునేది కండరాలే. వయసుతో అవి ఎలాగూ తగ్గుతాయి, కదలకపోతే మరీ త్వరగా తగ్గుతాయి. బాబాయ్ భోజనం చేసి మంచం ఎక్కకుండా ఓ పది నిమిషాలు వరండాలో అటూ ఇటూ తిరిగినా షుగర్ మరీ పైకి పోదు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పిన ప్రకారం 65 దాటినవాళ్ళకి వారానికి కనీసం 150 నిమిషాలు ఓ మోస్తరు శ్రమ ఉండాలి. మాట్లాడుతూ నడవగలగాలి, పాట ఎత్తుకుంటే మాత్రం ఆయాసం రావాలి, అంత వేగం చాలు. ఇదంతా చాలామందికి తెలుసు. మనవాళ్ళు పట్టించుకోనిది మిగతా సగం. వారానికి రెండు రోజులైనా కండబలం పెంచే వ్యాయామం, మూడు రోజులైనా తూలిపడకుండా నిలదొక్కుకునే సాధన కూడా ఉండాలట. బాబాయ్ భయం పడిపోతానేమో అనే కదా? ఆ భయంతో కదలకపోతే కాళ్ళు ఇంకా నీరసించి నిజంగానే పడిపోతారు.

మా అమ్మ కూడా మొదట్లో "ఇంటిపని చేస్తున్నాగా, ఇంకేం నడుస్తాను" అనేది. ఇంటిపనీ శ్రమేనని ఒప్పుకుని, వంటింట్లోనే మొదలుపెట్టించాం. గోడకి ఆనించిన కుర్చీలో కూర్చుని, కుక్కర్ విజిల్స్ వచ్చేలోపు వీలైతే చేతుల ఊతం లేకుండా లేచి మళ్ళీ కూర్చోవాలి. పప్పు పోపు పెట్టేముందు గట్టు పట్టుకుని కాసేపు ఒంటికాలి మీద నిలబడాలి. చీర మీద బూట్లేమిటని సిగ్గుపడి కొన్నాళ్ళు ఇంట్లోనే వేసుకుని తిరిగింది. ఇప్పుడు ఆ బూట్లు లేకుండా గేటు దాటదు.

బతుకమ్మ రోజుల్లో మా వీధి చూడాలి నువ్వు. మెట్లెక్కలేమనే పెద్దమ్మలు కూడా చప్పట్లు కొడుతూ, పాటకి వంత పాడుతూ ఎంతసేపు తిరుగుతారో! అక్కడ వాళ్ళకి పాట ఉంది, పక్కన మనుషులున్నారు. బాబాయ్‌కీ అలాంటి తోడే కావాలి. నువ్వు కొనిచ్చిన ట్రెడ్‌మిల్ మీద ఒక్కరూ గోడ చూస్తూ ఎంతకని నడుస్తారు చెప్పు?

వచ్చే ఆదివారం పొద్దున నల్లకుంట వెళ్ళి ఆయన్ని ఇందిరా పార్కుకి తీసుకెళ్తా. ఫుట్‌పాత్‌ల మీద నడిపించను, బళ్ళూ విరిగిన పలకలూ దాటలేక ఆయనకి ఇంకా టెన్షన్. పార్కులో రిటైరైనవాళ్ళు గుంపులుగా కూర్చుని రాజకీయాలు మాట్లాడుకుంటుంటారు, అందులో ఒకరిద్దరితో కలిస్తే చాలు. మొదట ఒక బెంచీ నుంచి ఇంకో బెంచీ దాకా నడిపిస్తా. మోకాళ్ళు కాస్త పట్టేసినా పరవాలేదు కానీ, గుండెలో నొప్పి గానీ కళ్ళు తిరగడం గానీ ఉంటే అక్కడితో ఆపేసి డాక్టర్ దగ్గరికే.

నువ్వు ఫోన్ చేసినప్పుడు "ఎన్ని అడుగులు వేశావు నాన్నా" అని లెక్క అడక్కు, పార్కులో ఎవరు కలిశారో అడుగు. పిన్నికి కూడా చెప్పు, పేపరూ పాలూ ఆయన్నే తెచ్చుకోనివ్వమని.

ఆయన బూట్ల సైజు, డాక్టర్ రాసిన చీటీ ఫొటో శనివారంలోపు పంపు. షుగర్ మాత్రలు ఏవి వాడుతున్నారో చూసి, పరగడుపున నడవొచ్చో లేదో డాక్టర్‌ని కనుక్కుంటా.

ఉంటానురా,
నీ చిక్కడపల్లి నేస్తం