రాజ్యలక్ష్మమ్మ బిందె ఆ ఇంటి గుమ్మంలో ఉండాలి: పర్యాటక, సాంస్కృతిక శాఖల మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రి గారికి,

నమస్కారం. నేను తెలుగు ఉపాధ్యాయురాలిని. మొన్న ఒక ఆదివారం మా ఎనిమిదో తరగతి పిల్లల్ని రాజమహేంద్రవరం తీసుకెళ్లి, కందుకూరి వీరేశలింగం పంతులు గారు పుట్టిన ఇల్లు చూపించాను. పుష్కర ఘాట్ దగ్గర దిగి, కావాలనే అక్కణ్నుంచి నడిపించాను.

దారి పొడుగునా 1881 డిసెంబరు 11 నాటి కథే చెప్పాను. ఆ రోజు పంతులు గారు తన ఇంట్లో గౌరమ్మకు, గోగులపాటి శ్రీరాములుకు పెళ్లి చేశారు. ఆంధ్రదేశంలో మొదటి వితంతు వివాహం అది. ఖర్చుకు కాకినాడ నుంచి పైడా రామకృష్ణయ్య గారు అండగా నిలిచారు. గొడవలు జరగకుండా పంతులు గారి విద్యార్థులు కాపలా కాశారు. ఊళ్లో వెలివేత మొదలైంది. వంటవాళ్లు రామన్నారు, నీళ్లు మోసేవాళ్లు రామన్నారు. అప్పుడు పంతులు గారి భార్య రాజ్యలక్ష్మమ్మ గారే బిందె పట్టుకుని గోదావరికి వెళ్లి నీళ్లు తెచ్చి, పెళ్లివారికి తన చేత్తో వండి పెట్టారు.

మా పిల్లల్లో ఒకమ్మాయి నడుస్తున్నదల్లా ఆగి, చేతిలో సగం ఖాళీ అయిన నీళ్ల సీసా వైపు, వెనక గోదావరి వైపు చూసింది. "నిండు బిందె చంకనెత్తుకుని ఇంత దూరమా టీచర్? ఎన్నిసార్లు తిరిగారో!" అంది. తరగతిలో ఏళ్ల తరబడి పాఠం చెప్పినా నాకెవరూ వేయని ప్రశ్న అది. ఇంట్లోకి వెళ్లాక కూడా ఆ పిల్ల వెతికింది వంటిల్లు ఎక్కడా అనే.

అయ్యా, నా విన్నపం ఇదే. పంతులు గారి పేరు తెలుగువాళ్లు ఎలాగూ మరచిపోరు. 'వివేకవర్ధని' పత్రిక నడిపారనీ, 'రాజశేఖర చరిత్రము' నవల రాశారనీ పుస్తకాల్లో ఉంది. కాతేరులో బాపమ్మగా పుట్టి, అత్తింట రాజ్యలక్ష్మి అయి, 1910లో కన్నుమూసేదాకా ఆయనతో సమానంగా నిందలు మోసిన ఆ తల్లి కథ ఆ ఇంట్లో అడుగడుగునా వినబడాలి. గుమ్మంలో ఒక ఇత్తడి బిందె నింపి పెట్టించండి. వచ్చిన ప్రతి పిల్లా, పిల్లాడూ ఎత్తి చూస్తారు. 'స్వీయ చరిత్రము'లో ఆ పెళ్లిరోజుల గురించి పంతులు గారు రాసిన పుటల్ని మంచి గొంతుతో చదివించి వినిపించండి. కథ చెప్పడానికి ఆ ఊరి కాలేజీ అమ్మాయిలకు శిక్షణ ఇచ్చి, గౌరవమైన జీతం ఇవ్వండి.

2027లో గోదావరి పుష్కరాలు వస్తున్నాయి. లక్షల మంది స్నానం చేసి అటునుంచి అటే రైలెక్కుతారు. ఘాట్ నుంచి ఆ ఇంటిదాకా తెలుగులో బోర్డులు పెట్టించి, ఆ దారికి రాజ్యలక్ష్మమ్మ గారి పేరు పెట్టండి. ఆ దారిన ఆమె నీళ్లు మోసిందని తెలిస్తే, గోదావరికి దణ్ణం పెట్టుకున్న ఆడవాళ్లు ఆ గుమ్మం దాకా తప్పకుండా వస్తారు.

వచ్చే డిసెంబరు 11న మా పిల్లలతో మళ్లీ వెళ్తున్నాను. వీలైతే మీరూ రండి. ఘాట్ నుంచి కలిసి నడుద్దాం.

ఇట్లు,
ఒక తెలుగు టీచరు