శనివారం మధ్యాహ్నం నుంచి మన షెడ్డులో రైలు పనులు

మా వర్క్‌షాపుకు పనులిచ్చే మీ అందరికీ నమస్కారం.

ఇకపై శనివారం మధ్యాహ్నం నుంచి ఆదివారం రాత్రి దాకా బయటి పనులు తీసుకోవడం లేదు. ఆ సమయంలో లేత్ (ఇనుప సామానును తిప్పుతూ కోసే మిషను), వెల్డింగ్ సెట్టు, వెనక ఉన్న ఖాళీ స్థలం ఒక స్వచ్ఛంద బృందానికి ఇస్తున్నాను. సొంత ఖర్చుతో, సొంత చేతులతో ఒక చిన్న రైలును నడిపిస్తున్నవాళ్లు వాళ్లు. ‘సరదా రైలు కోసం మా పని ఆపుతారా?’ అని కొందరు నేరుగానే అడిగారు. అడగాల్సిన మాటే. ఉన్నదున్నట్టు చెబుతాను.

ముందు డబ్బు సంగతి. ఇనుము, వెల్డింగ్ రాడ్లు, గ్రైండింగ్ చక్రాలు బృందమే కొనుక్కుంటుంది. వాళ్ల దగ్గర నేను కూలి తీసుకోను. కరెంటు ఖర్చు నాది. మీ బిల్లు మీద ఈ భారం పడదు. మీరు ఇచ్చి వెళ్లిన సామాను శనివారమే లోపలి గదిలో పెట్టి తాళం వేస్తాను.

లేత్ పాడవుతుందేమో అన్న అనుమానం ఇంకొంచెం గట్టిది. ప్రస్తుతం ఆ రైలు బండి అరిగిపోయిన చక్రాలను మళ్లీ ఆకారానికి కోస్తున్నాం. అవి పోత ఇనుము. ఉక్కును కోస్తే చుట్టలు చుట్టలుగా వస్తుంది, పోత ఇనుము మాత్రం నల్లటి పొడిగా రాలుతుంది. ఆ పొడి లేత్ బెడ్ (పనిముట్టు జరిగే కింది దిమ్మె) మీది నూనెలో కలిసిందంటే గరుకు కాగితంతో రుద్దినట్టే అరగదీస్తుంది. అందుకే ఆదివారం రాత్రి పొడినంతా వాక్యూమ్‌తో లాగేస్తాం. గాలి మాత్రం కొట్టం, కొడితే అది సందుల్లోకి దూరుతుంది. తర్వాత బెడ్‌ను తుడిచే పట్టీలు, అంటే వైపర్లు, విప్పి తుడిచి, బెడ్‌కు కొత్త నూనె రాస్తాను. ఈ పని ఇంకెవరికీ అప్పగించను. సోమవారం మీ షాఫ్టు ఎక్కేది శుభ్రమైన మిషను మీదే.

ఆ చక్రాల గురించి ఒక మాట చెప్పాలి. పట్టా మీద ఆనే భాగం చదునుగా కనిపిస్తుంది కానీ, చక్రం పట్టా దిగకుండా లోపలి వైపు పొడుచుకొచ్చిన అంచు దగ్గర కాస్త లావుగా, బయటికి పోయేకొద్దీ సన్నగా ఉంటుంది. వాడుకలో ఉన్న పాత కొలత 20కి 1 వాలు, అంటే 20 మిల్లీమీటర్ల వెడల్పుకు 1 మిల్లీమీటరు. రెండు చక్రాలూ ఒకే ఇరుసుకు బిగించి ఉంటాయి కాబట్టి కలిసే తిరగాలి. బండి ఒక పక్కకు జరిగితే ఆ పక్క చక్రం లావు భాగం మీద, అవతలిది సన్న భాగం మీద నడుస్తాయి. దాంతో ఇరుసు తనంతట తానే మధ్యకు వస్తుంది. అంచు అవసరం ఆ తర్వాతే. ఇంత చిన్న వాలు ఇంత పని చేయడం చూసినప్పుడల్లా నాకు ఈ వృత్తి మీద గౌరవం పెరుగుతుంది.

వెనక స్థలంలో జరిగేది మోటు పని. పట్టాల కింద అడ్డంగా వేసే పాత చెక్క దిమ్మెలను, అంటే స్లీపర్లను, సుత్తితో తట్టి, పుచ్చినవి వేరు చేస్తాం. క్రియోసోట్ (చెక్క పుచ్చకుండా పట్టించే విషపు తారు నూనె) పట్టించిన చెక్క కాబట్టి కాల్చం. రెండు పట్టాలను అతికే ఇనుప పలకల, అంటే ఫిష్ ప్లేట్ల, తుప్పు గీకి గ్రీజు రాస్తాం. 10 మీటర్ల ఉక్కు పట్టా 40 డిగ్రీలు వేడెక్కితే దాదాపు 5 మిల్లీమీటర్లు సాగుతుంది. అతుకు దగ్గర సందు వదలకపోయినా, పట్టా జారకుండా తుప్పు పట్టేసినా ఎండలో దారి వంకర పోతుంది. కళ్లకు కనిపించని ఇలాంటి పనే ఎక్కువ. ఫొటోలు తీసుకునేది ఇంజను దగ్గర, చెమట కారేది ఇక్కడ.

బ్రిటన్‌లో వేల్స్ అనే ప్రాంతంలోని తాలిలిన్ రైలు మార్గం మూతపడే దశలో ఉంటే 1951లో స్వచ్ఛంద కార్యకర్తలు నడపడానికి తీసుకున్నారు. ప్రపంచంలో అలా నిలబడిన మొదటి రైలు మార్గం అదే, ఇప్పటికీ నడుస్తోంది. గడ్డి పీకడానికి, కంకర మోయడానికి మనుషులు ముందుకొస్తారు. లేత్ కొనే స్తోమత మాత్రం ప్రతి బృందానికీ ఉండదు. చక్రం అరిగిన రోజున బండి ఆగిపోతుంది. నా దగ్గర లేత్ ఉంది, ఇవ్వాలనిపించింది.

దీనివల్ల మీకు జరిగే నష్టం కూడా చెప్పాలి. శనివారం సాయంత్రం అందే పనులు ఇక సోమవారమే అందుతాయి. పంపు ఆగిపోవడం లాంటి అత్యవసరమైతే ఫోను చేయండి. మిషను మీదున్న చక్రాన్ని మధ్యలో దించలేను, ఆ కోత పూర్తికాగానే మీ పని ఎక్కిస్తాను. బృందం కూడా దీనికి ఒప్పుకుంది. అప్పటిదాకా ఆగలేకపోతే మీ డ్రాయింగులు, కొలతలు ఇచ్చేస్తాను. వేరే చోట చేయించుకోండి, మనసులో ఏమీ పెట్టుకోను.

ఆ రెండు రోజులూ వెనక గేటు దగ్గర పట్టాలు దించుతుంటారు. సామాను తీసుకెళ్లడానికి వచ్చే బండ్లు ముందు గేటు నుంచే రావాలి.